బీథోవెన్, ఎడిసన్ కాకుండా ఇంకెవరు? బధిరుల చరిత్ర గురించి అడిగిన తల్లికి జవాబు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీ అమ్మాయికి పుట్టుకతోనే వినికిడి లేదు. దిల్‌సుఖ్‌నగర్ దగ్గర తొమ్మిదో తరగతి చదువుతోంది. సెప్టెంబరు 23న అంతర్జాతీయ సంజ్ఞా భాషల దినోత్సవానికి స్కూల్లో ‘చరిత్రలో గొప్ప బధిరులు’ అనే విషయం మీద ప్రసంగం ఇవ్వాలి. ఎక్కడ వెతికినా బీథోవెన్, ఎడిసన్, హెలెన్ కెల్లర్ ముగ్గురే దొరుకుతున్నారు. ఆ లిస్టు చూసి పాప ‘వీళ్లలో ఒక్కరు కూడా నాలా లేరు’ అందని రాశారు. సైన్స్ అంటే ఇష్టమనీ, స్టేజి మీద నోటితో మాట్లాడించాలా, సైగలతో చెప్పించాలా అని మీకు టెన్షన్‌గా ఉందనీ కూడా రాశారు.

పాప సరిగ్గానే పట్టుకుంది. ఈ ఊళ్లో బధిర పిల్లలకు చాలా ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరయ్యాను కాబట్టి ఆ లిస్టు నాకు బాగా పరిచయం. ప్రతి ఏడాదీ అవే మూడు ఫొటోలు చార్టు మీద అంటిస్తారు. నేనైతే ప్రతి పేరు దగ్గరా మూడు సంగతులు చూస్తాను. వినికిడి ఏ వయసులో పోయింది, అప్పటికే మాట వచ్చేసిందా, చదువు ఎవరి దగ్గర, ఏ భాషలో సాగింది. ఇవి చూడకుండా అందరినీ ఒకే చార్టులో పెడితే, పుట్టు చెవుడు ఉన్న పిల్లకు దాంట్లో దొరికేదేమీ ఉండదు.

బీథోవెన్‌నే తీసుకోండి. 1770లో పుట్టాడు. దాదాపు 27, 28 ఏళ్ల వయసులో వినికిడి తగ్గడం మొదలైంది. అప్పటికే వియన్నాలో పేరున్న పియానిస్టు. 1802లో తమ్ముళ్లకు రాసిన ఉత్తరంలో తన చెవుడు గురించి, బతకాలని లేకపోవడం గురించి రాసుకున్నాడు, కానీ పంపలేదు. 1824 మే 7న తొమ్మిదో సింఫనీ మొదటిసారి వినిపించినప్పుడు చప్పట్లు మోగుతున్నాయని తెలియక నిలబడితే, కరోలిన్ ఉంగర్ అనే గాయని ఆయన్ని జనం వైపు తిప్పిందట. గొప్ప మనిషే, సందేహం లేదు. కానీ సంగీతమంతా తలలో నిండాక చెవులు పోయిన మనిషి. ఎడిసన్‌కు చిన్నప్పుడే వినికిడి తగ్గినా పూర్తిగా పోలేదు. టెలిగ్రాఫ్ ఆపరేటర్‌గా ఉన్నప్పుడు పక్క మిషన్ల గోల వినపడకపోవడం తనకు కలిసొచ్చిందని ఆయనే చెప్పుకున్నాడు. హెలెన్ కెల్లర్‌కు 19 నెలల వయసులో చూపు, వినికిడి రెండూ పోయాయి. ఏడేళ్లు నిండే ముందు, 1887 మార్చిలో, ఆన్ సలివన్ టీచరుగా వచ్చి అరచేతిలో వేళ్లతో అక్షరాలు రాయడం నేర్పింది. 1904లో డిగ్రీ చేసింది, 1955లో మన దేశానికీ వచ్చింది. ఈ ముగ్గురిలో పాపకు కాస్తో కూస్తో దగ్గరగా అనిపించేది ఆమే. అయినా ఇంటికొచ్చి పక్కనే ఉండి నేర్పే టీచరు ఎంతమందికి దొరుకుతుంది?

సైన్స్ అంటే ఇష్టం అన్నారు కాబట్టి నా సలహా, ప్రసంగంలో సగం భాగం నక్షత్రాల కథకే ఇవ్వండి. ఇంత బాగా అతుక్కున్న కథ బధిరుల చరిత్రలో నాకు ఇంకొకటి తెలియదు.

జాన్ గుడ్‌రిక్ 1764లో పుట్టాడు. పసితనంలోనే వినికిడి పోయింది. ఇంట్లో డబ్బుంది కాబట్టి ఎడిన్‌బరోలో థామస్ బ్రెయిడ్‌వుడ్ నడిపే బడికి పంపారు. బ్రిటన్‌లో బధిరుల కోసం పెట్టిన మొదటి బడి అదే. తర్వాత వారింగ్‌టన్ అకాడమీలో వినగలిగే పిల్లలతో కలిసి చదివాడు. యార్క్‌లో ఎడ్వర్డ్ పిగట్ అనే ఖగోళ పరిశీలకుడితో స్నేహం కుదిరింది. 1782 నవంబరులో ఒక రాత్రి పెర్సియస్ రాశిలోని అల్గోల్ అనే నక్షత్రం మామూలు కంటే మసకగా కనిపించింది. ఆ నక్షత్రం వెలుగు మారుతుందని అంతకుముందు కొందరు గమనించారు గానీ, ఎంతకాలానికోసారి, ఎందుకు అన్నది ఎవరూ లెక్క కట్టలేదు. గుడ్‌రిక్ రాత్రి వెనక రాత్రి చూసి అది దాదాపు 2 రోజుల 20 గంటల 49 నిమిషాలకోసారి మసకబారుతుందని తేల్చాడు. బహుశా దాని చుట్టూ తిరిగే ఏదో చీకటి గోళం అడ్డొస్తూ ఉండాలి అని కారణం కూడా సూచించాడు. బ్రిటన్ శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీ 1783లో తన పెద్ద బహుమతి కోప్లీ పతకం ఇచ్చింది. అప్పటికి అతనికి ఇరవయ్యేళ్లు కూడా నిండలేదు. ఆ ఊహ నిజమేనని వర్ణపట పరీక్షతో, అంటే నక్షత్ర కాంతిని రంగులుగా విడగొట్టి చూడటంతో, రుజువవడానికి 1889 వరకు ఆగాల్సి వచ్చింది.

1784లో గుడ్‌రిక్ మరో నక్షత్రం పట్టుకున్నాడు, సెఫియస్ రాశిలోని డెల్టా సెఫీ. దీని వెలుగు 5 రోజుల 9 గంటలకోసారి పెరిగి తగ్గుతుంది. ఇది అడ్డొచ్చే గోళం వల్ల కాదు, నక్షత్రమే ఉబ్బి ముడుచుకోవడం వల్ల. ఈ రకం నక్షత్రాలన్నిటికీ దాని పేరు మీదే సెఫీడ్లు అని పేరొచ్చింది. 1786 ఏప్రిల్‌లో రాయల్ సొసైటీ అతన్ని సభ్యుడిగా ఎన్నుకుంది. ఆ తర్వాత నాలుగు రోజులకే చనిపోయాడు. వయసు 21.

ఇక్కడ ఒక శతాబ్దం దాటి అమెరికాకు రండి. హార్వర్డ్ అబ్జర్వేటరీలో హెన్రియెట్టా లీవిట్ గంటకు 30 సెంట్ల జీతానికి ఫొటో పలకల మీద నక్షత్రాల వెలుగు కొలిచేది. కాలేజీ అయ్యాక జబ్బు చేసి ఆమెకు వినికిడి క్రమంగా పోయింది. 1912లో చిన్న మెగెల్లానిక్ మేఘం అనే పొరుగు గెలాక్సీలోని 25 సెఫీడ్లను సరిపోల్చి ఒక నియమం కనిపెట్టింది. వెలుగు హెచ్చుతగ్గులకు ఎంత ఎక్కువ కాలం పడితే ఆ నక్షత్రం అసలు కాంతి అంత ఎక్కువ. అసలు కాంతి తెలిసి, మనకు కనిపించే కాంతి కూడా తెలిస్తే దూరం లెక్క కట్టొచ్చు. ఆ కొలబద్దతోనే ఎడ్విన్ హబుల్ 1923లో ఆండ్రోమెడాలో ఒక సెఫీడ్‌ను పట్టుకుని, అది మన పాలపుంతలోది కాదు, వేరే గెలాక్సీ అని చూపించాడు. విశ్వం ఇంత పెద్దదని మనకు తెలిసిన దారిలో రెండు మెట్లు బధిరులు వేసినవే. 1925లో లీవిట్ పేరు నోబెల్‌కు పంపాలని స్వీడన్ నుంచి ఒక గణిత శాస్త్రవేత్త ఉత్తరం రాశాడు. ఆమె 1921లోనే పోయిందని ఆయనకు తెలియదు.

అదే అబ్జర్వేటరీలో ఆమె పక్కనే పనిచేసిన యానీ జంప్ కానన్‌కూ వినికిడి తక్కువే. సుమారు 3,50,000 నక్షత్రాలను వర్ణపటాన్ని బట్టి వర్గీకరించింది. ఓ, బి, ఏ, ఎఫ్, జి, కె, ఎం అనే వరస ఇంటర్ ఫిజిక్స్ పిల్లలకు ఎక్కడో ఒకచోట తగులుతుంది కదా, ఆ వరస ఆమె స్థిరపరిచిందే. అన్నట్టు ఆ రోజుల్లోనే మన బేగంపేటలో నిజామియా అబ్జర్వేటరీ కూడా ప్రపంచ నక్షత్ర పటం తయారీలో భాగమై, ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు కొలిచింది. పాపను ఒకసారి నౌబత్ పహాడ్ మీది బిర్లా ప్లానెటేరియానికి తీసుకెళ్లండి. అక్కడి వ్యాఖ్యానం వినపడదు కాబట్టి పెర్సియస్, సెఫియస్ రాశులు ఎక్కడుంటాయో ఇంట్లోనే చార్టు మీద ముందు చూపించి తీసుకెళ్తే మేలు.

రెండో సగం లారెంట్ క్లెర్క్‌కు ఇవ్వాలి. నన్నడిగితే బీథోవెన్ కంటే ముందు ఇతని ఫొటోనే అంటించాలి.

క్లెర్క్ 1785లో ఫ్రాన్స్‌లో ఒక పల్లెటూళ్లో పుట్టాడు. ఏడాది వయసులో కుర్చీ మీంచి నిప్పుల్లో పడ్డాడు. వినికిడి పోయింది, బుగ్గ మీద మచ్చ మిగిలింది. 12 ఏళ్లు వచ్చేదాకా బడి ముఖం చూడలేదు. ఆ తర్వాత పారిస్‌లో బధిరుల బడికి పంపారు. 1760 ప్రాంతంలో అబ్బే ద లెపే అనే మతగురువు మొదలుపెట్టిన బడి అది. పేద పిల్లలకు డబ్బు తీసుకోకుండా, సైగలతో పాఠం చెప్పేవాళ్లు. క్లెర్క్‌కు పాఠాలు చెప్పిన జాన్ మాస్యూ కూడా బధిరుడే. ఈ ఒక్క సంగతి మీద కాస్త ఆగండి. తనలాంటి మనిషే టీచరుగా ఎదురుగా నిలబడితే పిల్ల మొహం ఎలా మారుతుందో నేను క్లాసులో చూశాను. నేను ఎంత బాగా సైగలు నేర్చుకున్నా, నాతో అంత చనువుగా ఉండేవాళ్లు కాదు.

1815లో థామస్ గాలడెట్ అనే అమెరికన్ బధిర విద్య నేర్చుకుందామని బ్రిటన్ వచ్చాడు. అమెరికాలో అతని పక్కింట్లో ఆలిస్ కాగ్స్‌వెల్ అనే చిన్న పిల్లకు వినపడదు, ఆమె కోసం ఊళ్లోవాళ్లు చందాలు వేసుకుని పంపారు. గుడ్‌రిక్ చదివిన బడి గుర్తుందా? ఆ బ్రెయిడ్‌వుడ్ కుటుంబం తమ పద్ధతిని వ్యాపార రహస్యంగా దాచుకుంది, సవాలక్ష షరతులు పెట్టింది. గాలడెట్‌కు విసుగొచ్చింది. అదే సమయంలో పారిస్ బడివాళ్లు లండన్‌లో ప్రదర్శన ఇస్తుంటే అక్కడ క్లెర్క్ కనిపించాడు. పారిస్ వాళ్లు అన్నీ విడమరిచి చెప్పారు. చివరికి క్లెర్కే ఓడెక్కి అమెరికా బయల్దేరాడు. 1816లో 52 రోజుల ప్రయాణం. ఓడలో గాలడెట్ అతనికి ఇంగ్లిష్ నేర్పితే, అతను గాలడెట్‌కు సైగలు నేర్పాడు. 1817 ఏప్రిల్ 15న హార్ట్‌ఫర్డ్‌లో బడి తెరిచారు, మొదటి పిల్లల్లో ఆలిస్ ఒకతి. ఇవాళ అమెరికన్ సంజ్ఞా భాషకు ఫ్రెంచి సంజ్ఞా భాషతో అంత పోలిక ఉండటానికి మూలం ఆ బడే. 1864లో గాలడెట్ కొడుకు ఆధ్వర్యంలో బధిరుల కాలేజీకి డిగ్రీలిచ్చే అధికారం వచ్చింది, లింకన్ సంతకం చేశాడు. ఇప్పుడది గాలడెట్ యూనివర్సిటీ.

దాన్ని నడిపే అధ్యక్షులు మాత్రం 124 ఏళ్లపాటు వినగలిగేవాళ్లే! 1988 మార్చిలో మళ్లీ వినగలిగే మనిషినే వేస్తే, విద్యార్థులు గేట్లు మూసేసి వారం రోజులు బంద్ చేశారు. బధిరుడైన ఐ. కింగ్ జోర్డన్ అధ్యక్షుడయ్యాకే తెరిచారు. తొమ్మిదో తరగతి పిల్లలకు ఈ కథ చెప్తే ఊగిపోతారు.

ఇంకో హెచ్చరిక. గొప్ప బధిరుల చార్టుల్లో అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఫొటో కూడా కనిపిస్తూ ఉంటుంది. ఆయన బధిరుడు కాదు. తల్లికి, భార్యకు వినపడదు, ఆయన బధిర పిల్లలకు పాఠాలు కూడా చెప్పాడు. కానీ సైగలు మాన్పించి నోటి మాట మాత్రమే నేర్పాలని గట్టిగా వాదించాడు. బధిరులు బధిరులను పెళ్లి చేసుకోవడం తగ్గాలని 1883లో ఒక పత్రం కూడా చదివాడు. 1880లో మిలాన్‌లో బధిర విద్య మీద మహాసభ జరిగింది. వచ్చిన 164 మంది ప్రతినిధుల్లో బధిరుడు ఒక్కడే. బడుల్లో సైగలు ఆపి, నోటి మాటతోనే చెప్పాలని తీర్మానం చేశారు. దాంతో చాలా దేశాల్లో బధిర టీచర్ల ఉద్యోగాలు పోయాయి. ఆ గాలి మన దాకా వచ్చింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పిల్లలు సైగ చేస్తే చేతులు కట్టుకోమనేవాళ్లు, స్కేలుతో వేళ్ల మీద కొట్టేవాళ్లు. పిల్లలేమో బాత్రూముల దగ్గర, బస్టాపులో చేతులతో మాట్లాడుకునేవాళ్లు. ఆ మిలాన్ తీర్మానాలను తిరస్కరిస్తూ, జరిగినదానికి అదే మహాసభ విచారం తెలిపింది 2010లో, వాంకూవర్‌లో.

నేను చెవి మిషన్లకూ, ఆపరేషన్ చేసి చెవి లోపల పెట్టే కాక్లియర్ ఇంప్లాంట్లకూ వ్యతిరేకిని కాదు. చిన్న వయసులో పెట్టి, స్పీచ్ థెరపీ వదలకుండా చేయిస్తే ఎంతోమందికి ఉపయోగపడింది. ఇంప్లాంట్ పెట్టాం కదా, ఇక సైగలు వద్దు అనే సలహాతోనే నాకు పేచీ.

సైన్స్‌లో ఇంకో ఇద్దరిని కలపొచ్చు. జాన్ కార్న్‌ఫోర్త్‌ది ఆస్ట్రేలియా. పదేళ్ల వయసు నుంచి వినికిడి తగ్గుతూ వచ్చి ఇరవయ్యో ఏటికి పూర్తిగా పోయింది. యూనివర్సిటీలో లెక్చర్లు వినపడలేదు, కాబట్టి లైబ్రరీలో అసలు పరిశోధన పత్రాలే చదువుకున్నాడు. ల్యాబులో రీటా అనే తోటి విద్యార్థిని గాజు ఫ్లాస్కు పగిలితే ఊది అతికించి ఇచ్చాడు, అలా పరిచయమై పెళ్లి దాకా వెళ్లింది. బయటి శాస్త్రవేత్తలతో ఆయన మాట్లాడాల్సినప్పుడు చాలాసార్లు ఆమే మధ్యవర్తి. 1975లో రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఇంకొకరు సియాల్కోవ్‌స్కీ, రష్యా మనిషి. పదేళ్లప్పుడు స్కార్లెట్ జ్వరంతో వినికిడి చాలావరకు పోయింది, బడి ఆగిపోయింది. మాస్కో లైబ్రరీలో కూర్చుని తనంతట తనే చదివి, కలూగా అనే ఊళ్లో బడిపంతులుగా ఉంటూ 1903లో రాకెట్ సమీకరణం ప్రచురించాడు. ఇస్రో రాకెట్ ఎగిరినా లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది.

కొన్ని పేర్లు ఒక్కో వాక్యంలో చాలు. ఆండ్రూ ఫాస్టర్, నల్లజాతి బధిరుడు, 1957లో ఘనాతో మొదలుపెట్టి ఆఫ్రికాలో 13 దేశాల్లో 32 బధిర పాఠశాలలు పెట్టాడు. రాబర్ట్ వైట్‌బ్రెక్ట్ అనే బధిర భౌతిక శాస్త్రవేత్త 1964లో టెలిఫోన్ లైను మీద టైపు చేసి మాట్లాడుకునే పరికరం తయారుచేశాడు, అప్పటిదాకా ఫోను బధిరులకు పనికిరాని వస్తువు. యూజీన్ రుబెన్స్ అల్కే అనే ఫ్రెంచి బధిర మెకానిక్ 1924లో పారిస్‌లో బధిరుల ఆటల పోటీలు మొదలుపెట్టాడు, ఇప్పుడు వాటినే డెఫ్లింపిక్స్ అంటున్నాం.

ఆటల దగ్గరికి వచ్చాం కాబట్టి మనవాళ్లు. హైదరాబాద్ కుర్రాడు ధనుష్ శ్రీకాంత్ 2022లో బ్రెజిల్‌లో జరిగిన డెఫ్లింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో స్వర్ణం గెలిచాడు. పాప స్కూల్లో ఈ పేరు చెప్తే పిల్లలు వెంటనే ఫోన్లో వెతుక్కుంటారు, అంత దగ్గరి మనిషి. అదే పోటీల్లో మదురై అమ్మాయి జెర్లిన్ అనిక బ్యాడ్మింటన్‌లో మూడు స్వర్ణాలు తెచ్చింది. హర్యానా మల్లుడు వీరేందర్ సింగ్ మూడు డెఫ్లింపిక్స్‌లో స్వర్ణాలు గెలిచారు. 2021లో పద్మశ్రీ అందుకున్న మర్నాడే ఆ పతకాలన్నీ పట్టుకుని ఢిల్లీలో హర్యానా భవన్ ముందు ఫుట్‌పాత్ మీద కూర్చున్నారు. పారాలింపిక్స్ ఆటగాళ్లకు ఇచ్చే హక్కులే బధిర ఆటగాళ్లకూ ఇవ్వాలని ఆయన అడిగారు. ప్రసంగంలో పతకాలతో పాటు ఈ ముక్క కూడా ఉండాలి.

సతీష్ గుజ్రాల్ (1925–2020) పేరు తప్పకుండా చేర్చండి. ఎనిమిదేళ్ల వయసులో వినికిడి పోయింది. లాహోర్‌లో, బొంబాయిలో చిత్రకళ చదివి, మెక్సికో వెళ్లి కుడ్యచిత్రాలు నేర్చుకుని, దేశ విభజన బాధను బొమ్మల్లో పెట్టారు. ఆర్కిటెక్చర్ డిగ్రీ లేకుండానే ఢిల్లీలో బెల్జియం రాయబార కార్యాలయం డిజైన్ చేశారు. 1999లో పద్మవిభూషణ్ వచ్చింది. 2023 సెప్టెంబరులో సారా సన్నీ అనే బధిర న్యాయవాది సంజ్ఞా భాషలో సుప్రీంకోర్టు ముందు వాదించారు, ఆమె సైగలను ఇంటర్‌ప్రిటర్ మాటల్లో చెప్పారు. లాయర్ కావాలంటే గొంతు ఉండాలి కదా అనే బంధువులు మీకూ ఉంటారు, వాళ్ల కోసం ఈ పేరు గుర్తుపెట్టుకోండి.

ఊరి సంగతి ఇంకొక్కటి. వినికిడి, మాట సమస్యల కోసం ముంబైలో ఉన్న జాతీయ సంస్థకు అలీ యావర్ జంగ్ పేరు పెట్టారు. ఆయన హైదరాబాదీ, ఉస్మానియా వైస్ ఛాన్సలర్‌గా చేశారు. ఆ సంస్థ ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉంది. వినికిడి పరీక్షల నుంచి టీచర్ ట్రైనింగ్ దాకా అక్కడ జరుగుతాయి.

ఇక మీ రెండో ప్రశ్న. సైగలతోనే చెప్పించండి. రోజు సంజ్ఞా భాషలది, పాప భాష అది. పక్కన ఒక టీచరో స్నేహితురాలో మైకులో తెలుగులో చెప్తారు. నోటితో చెప్పిస్తే హాలంతా ఆమె ఉచ్చారణ మీదే దృష్టి పెడుతుంది, గుడ్‌రిక్ ఎవరో ఎవరికీ ఎక్కదు. రిహార్సల్ మాత్రం చెప్పే మనిషితో కలిసి చేయాలి. పాప చేతులు ఆగాక కూడా మైకులో మాట ఒకటి రెండు వాక్యాలు వెనక వస్తూ ఉంటుంది, ఆ జాగా ముందే అనుకోవాలి. స్టేజి మీద వెలుతురు పాప మొహం మీద, చేతుల మీద పడాలి. వెనక తెర ముదురు రంగులో, బొమ్మలు లేకుండా ఉంటే చేతులు స్పష్టంగా కనిపిస్తాయి.

సైగలు యూట్యూబ్‌లో చూసి నేర్చుకునేటప్పుడు అమెరికన్ వీడియోలు చూడకండి. వాళ్ల అక్షరాలు ఒంటి చేత్తో, మనవి రెండు చేతులతో. ఢిల్లీలోని భారతీయ సంజ్ఞా భాష పరిశోధన, శిక్షణ కేంద్రం 10,000 పదాల నిఘంటువు వీడియోలు పెట్టింది, సైన్స్ మాటలకు అందులో ముందు వెతకండి. దొరకనివి మలక్‌పేట ప్రభుత్వ బధిరుల పాఠశాలలో పెద్ద క్లాసుల పిల్లల్ని అడగండి, వాళ్లకు తెలియని సైగ ఉండదు. గుడ్‌రిక్, లీవిట్ పేర్లు వేళ్లతో అక్షరాలుగా చూపిస్తే సరిపోతుంది. క్లెర్క్‌కు మాత్రం పేరు సైగ ఉంది, చూపుడు వేలు, మధ్య వేలు కలిపి కుడి బుగ్గ మీద మచ్చ ఉన్న చోట కిందికి రాయాలి. ఆయన బడిలో పెట్టుకున్న సైగే, అమెరికాలో బధిరులు ఇప్పటికీ ఆయన్ని అలాగే పిలుస్తారు.